అమ్మ పేరు లేని చీటీలు

నైట్ షిఫ్టు దిగి జగదీశ్వర్ ఇంటికొచ్చేసరికి పొద్దున ఎనిమిది దాటింది. వాన సన్నగా పడుతోంది. బండిని క్వార్టర్ గోడ పక్కన నిలిపి, టిఫిన్ సంచి విప్పి, ఖాళీ గిన్నె భార్య చేతికిచ్చాడు. తర్వాత తువ్వాలలో చుట్టిన ఇంకొకటి జాగ్రత్తగా బయటికి తీసి, "హర్షీ" అని లోపలికి పిలిచాడు.

తువ్వాలలో ఏముందో రాజకుమారికి తెలుసు. రాయి. గనిలో బొగ్గు పొరకు పైన కప్పులా ఉండే నల్లబండ పెచ్చు, దాని మీద ఒక ఆకు అచ్చు. ఏడాది నుంచి ఇదే వరస. డ్యూటీ దిగి వస్తూ పిల్లలకు మిర్చీలు తెచ్చే మగవాళ్ళను చూసింది, జిలేబీలు తెచ్చేవాళ్ళనూ చూసింది. రాళ్ళు తెచ్చే మొగుణ్ణి మాత్రం గోదావరిఖని మొత్తం మీద తనకొక్కదానికే రాసిపెట్టాడు దేవుడు.

హర్షిణి నోట్లో బ్రష్షుతోనే ఉరికొచ్చింది. రెండో శనివారం, కాలేజీ లేదు. ఆ పిల్ల ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చేరి నెలన్నా కాలేదు. తండ్రీ కూతుళ్ళు తలలు దగ్గర పెట్టి రాయిని వెలుతురుకు అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. ఒకదాని మీద ఒకటి రెండు ఆకులున్నాయని ఆయన, కాదు మూడని ఆమె.

"ముందు ముఖం కడుక్కో. ఆ రాయి యాడికీ పోదు" అంది రాజకుమారి.

ఇద్దరిలో ఒక్కరు కూడా తల ఎత్తలేదు.

పొద్దున్నే ఆమె మనసు అసలే బాగాలేదు. తోడికోడలు సంధ్యారాణి శ్రీరాంపూర్ నుంచి వస్తున్నట్టు ఫోన్ చేసింది. సంధ్యారాణి మంచిదే. అదే వచ్చిన చిక్కు. ఆమె కూతురు సుజితకు ఎప్‌సెట్‌లో మూడొందల లోపు ర్యాంకు వచ్చింది. హైదరాబాద్‌లో సుజిత ఉండి చదివిన హాస్టల్ కాలేజీ వాళ్ళు ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు. గోదావరిఖని చౌరస్తాలో కట్టిన దాంట్లో సుజిత ముఖం లారీ ముందు అద్దమంత ఉంది. అప్పటి నుంచి రాజకుమారి మార్కెట్‌కు చౌరస్తా మీదుగా పోవడమే మానేసింది. సందుల్లోంచి చుట్టు తిరిగి పోతుంది. ఎవరైనా అడిగితే నడక ఒంటికి మంచిదంటుంది.

కుటుంబం వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు పూలగుత్తి బొమ్మ పెట్టింది కూడా ఆమే. పెట్టి, వంటింట్లోకి పోయి, ఉల్లిగడ్డలు కోయకుండానే ఏడ్చింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ తోడికోడలు నవ్వలేదు సరికదా, ఫోన్ చేసి మరీ హర్షిణికి అదే కాలేజీలో ఫీజు తగ్గించి సీటు మాట్లాడి పెట్టింది. క్లాసులు మొదలైనా సీటు ఆపి ఉంచారట, రేపు ఆదివారం లోపల చెప్పాలట. జాలిపడి ఇచ్చిన సీటు అనుకుంటే కడుపు మండింది. వద్దనుకుంటే ఇంకా మండింది.

పంపాలని రాజకుమారి ఎప్పుడో నిశ్చయించుకుంది. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే తన బిడ్డ ముఖం కూడా చౌరస్తాలో లేస్తుంది. తను పెద్దపల్లిలో ఇంటర్ బైపీసీ ఫస్టు క్లాసులో పాసైంది, తెలుగు మీడియం. అక్కడితో పెళ్ళి. ఇరవై ఏళ్ళుగా మొగుణ్ణి భూమి లోపలికి పంపి, తిరిగొచ్చే దాకా గడియారం చూడటమే ఆమె ఉద్యోగం. బిడ్డకు ఆ బతుకు వద్దు. హర్షిణి మాత్రం ఇక్కడే చదువుతానని నెల నుంచి ఒకటే మాట. ఎందుకంటే చెప్పదు. తల్లికి ఏదీ చెప్పదు. పదో తరగతి మార్కులు వచ్చిన రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్య తిన్నవా, తిన్న, పోతున్నవా, పోతున్న, అంతే నడుస్తోంది.

సంధ్యారాణి పదిన్నరకు వచ్చింది. చేతిలో మైసూర్‌పాక్ డబ్బా, సంచి నిండా మక్కకంకులు. కూతురి గొప్ప ఒక్క ముక్క కూడా చెప్పుకోలేదు. చెప్పుకుంటే బాగుండునని రాజకుమారి ఎదురు చూసింది. చెప్పుకుంటే హాయిగా అసహ్యించుకోవచ్చు కదా. సుజిత ఎట్లుందని తనే అడిగింది. బాగుందని చెప్పి, సంధ్యారాణి మాట మార్చింది.

జగదీశ్వర్ తిని పడుకున్నాడు. రాజకుమారి వంటింట్లో పప్పుకు పోపు పెడుతుంటే పక్క గదిలోంచి మాటలు వినిపించాయి. మొదట హర్షిణి గొంతు అనుకోలేదు. అంత గలగలా మాట్లాడుతోంది ఆ పిల్ల.

"ఇయ్యి డైనోసార్ల కన్నా ముందటియి పెద్దమ్మా. ఇరవై ఐదు కోట్ల ఏండ్లు. నాలుక తీరు ఉన్నయని నేను నాలుకాకు అని పేరు పెట్టుకున్న. గప్పుడు లోకంల పూలే లేవట, తెల్సా?"

"పూలు లేకుంటే బతుకమ్మ ఎట్ల పేర్చిన్రే?" అంది సంధ్యారాణి.

"మనుషులే లేరు పెద్దమ్మా" అని హర్షిణి పడీ పడీ నవ్వింది.

పోపు మాడింది. రాజకుమారి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆ నవ్వు ఆమె కొన్ని నెలలుగా వినలేదు. తన ఇంట్లో, తన బిడ్డ, తను మూడడుగుల దూరంలో ఉండగా, ఇంకొకరి కోసం నవ్వుతోంది. ర్యాంకు వాళ్ళకే, ఫ్లెక్సీ వాళ్ళకే. సరే. ఇప్పుడు ఈ పిల్ల కూడా వాళ్ళకేనా? రాళ్ళ గురించి ఎన్నిసార్లు అడగబోయిందో రాజకుమారికి తెలుసు. అడగబోయి, నోరు తెరిస్తే మాత్రం మార్కుల మాటే వచ్చింది. ఆ సంగతి కూడా తెలుసు. తెలిసిన కొద్దీ మంట ఎక్కువైంది.

తిన్న తర్వాత వాన ఆగింది. చౌరస్తాలో ఫ్లెక్సీ వానలకు వెలిసిపోకముందే ఒక ఫొటో తీసుకుంటానంది సంధ్యారాణి. నువ్వు కూడా రా చెల్లె అని పిలిచింది. రాజకుమారి తలనొప్పి అంది. హర్షిణి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళు వచ్చేలోపు కంకులు ఉడకబెడదామని రాజకుమారి ఇంటి వెనక రేకుల పంచలోకి వెళ్ళింది. గ్యాసు ఉన్నా, మక్కకంకులు బొగ్గుల పొయ్యి మీదే ఉడకాలని ఆ ఇంట్లో పట్టింపు. వానకు బొగ్గు చెమ్మగిల్లింది, ఎంత ఊదినా అంటుకోలేదు. పాత పేపర్లు కావాలి. గుర్తొచ్చింది. హర్షిణి మంచం కింద పెద్ద రంగు డబ్బాలో ఉన్నాయి. రాళ్ళన్నీ పేపర్లలోనే కదా చుట్టి పెట్టింది.

డబ్బా లాగి ఒక పొట్లం విప్పింది. రాయితో పాటు చిన్న చీటీ కింద పడింది. గుండ్రటి తెలుగు అక్షరాలు. ఇంగ్లీషు మీడియం పిల్ల, తండ్రి చదువుకోవాలని తెలుగులో రాసినట్టుంది.

'జూన్ 12. మూడో లెవెల్. ఈనెలు వల తీరు ఉన్నయి. ఎందుకు? యిర్మియా సారును అడగాలె.'

యిర్మియా సారు బడిలో సైన్సు చెప్పినాయన. రాజకుమారి ఇంకో పొట్లం విప్పింది. 'ఆకు ఎండిపోయి పడ్డదా, పచ్చిగనే పడ్డదా? బాపును అడగాలె.' ఇంకొకటి. 'దీని చెట్టు ఎంత పొడుగు? సారును అడగాలె.' ఇంకొకటి, మళ్ళీ బాపు. నేల మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పింది. మొత్తం పందొమ్మిది రాళ్ళు, పందొమ్మిది చీటీలు. చివరిది ఇవాళ్టిది, సిరా ఇంకా మెరుస్తోంది. 'మూడు ఆకులు. అన్నిట్ల మంచిది. పెద్దమ్మకు ఇయ్యాలె.'

అమ్మను అడగాలె అని ఒక్క దాంట్లో లేదు. పొరపాటునైనా లేదు.

పేపర్లు పట్టుకుని లేవాల్సిన మనిషి డబ్బా మొత్తం ఎత్తుకుని లేచింది. బరువుకు నడుము కలుక్కుమన్నా ఆగలేదు. పొయ్యిలో పేపర్లు కుక్కి, చీటీలు వేసి, అగ్గిపుల్ల గీసింది. బొగ్గు అంటుకున్నాక రాళ్ళను ఒక్కొక్కటే పేర్చింది. గనిలోంచి వచ్చిన నల్లరాయి మండుతుంది, మండకపోతే ఇంకెందుకు? ఇరవై ఏళ్ళుగా బొగ్గు మధ్య బతికిన మనిషికి అంతకంటే వేరే ఆలోచన రాలేదు. లేదా రానివ్వలేదు. పైన కంకుల గిన్నె పెట్టి, పీట వేసుకుని కూర్చుంది. కాస్త సుఖంగానే ఉంది, అబద్ధమెందుకు.

రాళ్ళు మండలేదు. నల్లటి పొగ లేచింది, గంధకం వాసన కొట్టింది. కాసేపటికి టప్ మని ఒక చప్పుడు. తర్వాత టప టప మని వరసగా నాలుగైదు.

లోపలి నుంచి జగదీశ్వర్ పరిగెత్తుకొచ్చాడు. కళ్ళు సగం మూసే ఉన్నాయి. భార్య రెక్క పట్టి పీట మీంచి లేపి, పంచలోంచి ఆరుబయటికి ఈడ్చి, గోడకు ఆనించి, తను ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. "ఉరుకు, రూఫ్ ఇడుస్తున్నది, ఉరుకు" అంటున్నాడు. ఆయన గుండె కొట్టుకోవడం ఆమె వీపుకు తెలిసింది. గని కప్పులో బండ చిట్లిన చప్పుడుకు నిద్రలో కూడా మేలుకునే మనిషి. ఇరవై రెండేళ్ళు ఆ చెవులే ఆయన్ను ఇంటికి తెచ్చాయి.

పూర్తిగా మెలకువ వచ్చి, ఆకాశం చూశాడు. పొయ్యి చూశాడు. ఖాళీ డబ్బా చూశాడు. అరుస్తాడని రాజకుమారి కాచుకుంది. అరిస్తే జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఆయన అరవలేదు. గిన్నె దించి పక్కన పెట్టి, పీట మీద కూలబడ్డాడు.

"రోజూ రాడ్డుతోని రూఫ్ కొట్టి చూస్త నేను" అన్నాడు. "ఖంగుమంటే గట్టిది. బోలుగ మోగితే పడతది. గంతే సూసిన ఇరవై రెండేండ్లు. పడతదా, పడదా. దాని మీద ఏమున్నదని ఒక్కనాడు చూడలె. పోయినేడు బిడ్డ అడిగింది, బాపూ, నువ్వు పనిచేసే కాడ పైన ఏముంటదని. లైటు కొట్టి చూసిన. అన్నీ ఆకులే రాజీ. అడివి అడివే ఉన్నది నా తల మీద."

రాజకుమారి పొగలోంచి రాళ్ళ వైపు చూసింది.

"గా పిల్ల అడిగినంక నాకు లోపల భయం తగ్గింది. నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు నవ్వుతవని."

గేటు చప్పుడైంది. హర్షిణి నవ్వుతూ వచ్చింది, పొగ చూసింది, డబ్బా చూసింది. నవ్వు ఆగిపోయింది. ఏడవలేదు. పుల్లతో పొయ్యిలోంచి ఒక రాయి లాగబోతే అది పొడిపొడిగా రాలింది. పుల్లను నెమ్మదిగా కింద పెట్టింది.

"సరే అమ్మా. హాస్టల్‌కు పోత. రేపే పోత. ఫారం ఎక్కడుంది, సంతకం పెడత" అంది. ఆ మాటలో కోపం లేదు. అలసిపోయిన పెద్దమనిషి మాటలా ఉంది.

నెల రోజులుగా రాజకుమారి వినాలనుకున్న మాట అదే. విన్నాక మాత్రం కాళ్ళ కింద నేల బోలుగా మోగినట్టయింది. హర్షిణి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరేసుకుంది.

సంధ్యారాణి కదలకుండా నిలబడి ఉంది. ఇప్పుడు నీతులు చెబుతుందని రాజకుమారి పళ్ళు బిగించింది.

"రిజల్టు చూసింది నేనే చెల్లె" అంది సంధ్యారాణి. "సుజిత పండుకునే ఉన్నది. లేపి ర్యాంకు చెప్తే, అయిపోయిందా అమ్మా అని అడిగి, గోడదిక్కు తిరిగి పండుకున్నది. రెండు నెలలాయె. తింటది, పండుకుంటది. చిన్నప్పుడు ఆకాశం నీలం ఎందుకు, చీమకు చెవులుంటయా అని నా పానం తినేది. ఇప్పుడు ఒక్కటి అడగదు. ఫ్లెక్సీ ఫొటో తీసి పంపిన ఇప్పుడే. తీసెయ్యమను అమ్మా అన్నది."

ఆ క్షణాన రాజకుమారి లోపల ఏదో తియ్యగా కదిలింది. హమ్మయ్య అనిపించింది. వాళ్ళింట్లోనూ సుఖం లేదు. అట్లా అనిపించిన మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. ఒక తల్లి కడుపుకోత చూసి సంతోషపడ్డ మనిషి, ఇంక ఏమని చెప్పుకోవాలి తన గురించి?

"పొద్దున నీ బిడ్డ నాతోని గంట మాట్లాడింది" అంటూ సంధ్యారాణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఓర్వలేకపోయిన రాజీ. నాకు ర్యాంకు ఇచ్చి, నీకు గిసొంటి పిల్లనిచ్చిండు దేవుడని మంట పుట్టింది. సీటు మాట్లాడింది నేనే, మళ్ళ ఇప్పుడు చెప్తున్న. పంపకు."

ఇన్నాళ్ళూ తను సందుల్లోంచి చుట్టు తిరిగి దాక్కున్నది ఈమె నుంచా? రాజకుమారి అక్క చెయ్యి పట్టుకుంది. "కంకులు పచ్చిగనే ఉన్నయక్కా" అని మాత్రం అంది. ఇద్దరూ ఏడ్చారు. కంకులు గ్యాసు మీద ఉడికాయి. హర్షిణి తినలేదు.

తెల్లారి ఆదివారం. సంధ్యారాణి మొదటి బస్సుకు వెళ్ళిపోయింది. రాజకుమారి పొయ్యి దగ్గర కూర్చుని చేతులతోనే బూడిద తీసింది. చాలా రాళ్ళు పిండైపోయాయి. ఏడు మిగిలాయి. నల్లవి కావు ఇప్పుడు, కాలి ఇటుక రంగుకు తిరిగాయి. నిన్న జగదీశ్వర్ తెచ్చిన పెద్ద రాయి నడిమికి పగిలి రెండు పలకలైంది. ఒక పలకను కొంగుతో తుడిచింది.

లోపల ఇంకో ఆకు ఉంది. పొద్దున తండ్రీ కూతుళ్ళు లెక్కపెట్టిన మూడింటిలో లేనిది, ఎవరూ చూడనిది. నడుమ లావుగా ఒక ఈనె, దాని నుంచి రెండు వైపులా సన్నటి ఈనెలు చీలి, మళ్ళీ ఒకదాన్నొకటి కలుసుకుని వల అల్లినట్టున్నాయి. ఎర్రటి రాయి మీద నిన్న రాలిన ఆకంత తాజాగా ఉంది. రాజకుమారి ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. ఇంటర్‌లో వృక్షశాస్త్రం రికార్డులో తను గీసిన ఆకు గుర్తొచ్చింది. పెన్సిల్ చెక్కి చెక్కి గీసేది. మార్కుల కోసమేనా? కాదు. గీస్తుంటే బాగుండేది, అందుకు.

హర్షిణి మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పక్కన సర్దిన బ్యాగు. రాజకుమారి ఆ బ్యాగును పక్కకు జరిపి కూర్చుంది. ఎర్రరాయిని ఇద్దరి మధ్యా పెట్టింది.

"హాస్టల్ కాలేజీ సారుకు ఫోన్ చేసిన. సీటు వద్దని చెప్పిన" అంది.

హర్షిణి ముఖం పక్కకు తిప్పుకుంది.

"నిన్న చేసింది తప్పు. తిరిగి తెచ్చియ్యలేను. దీంట్ల ఇంకో ఆకు ఎల్లింది, మీరు చూడనిది."

పిల్ల చూడకూడదనే అనుకుంది. కళ్ళు ఆగలేదు. చూసింది. మెల్లగా దగ్గరికి జరిగింది. ఏడాది నుంచి ఈనెలు ఇంత తేటగా ఏ రాయి మీదా కనబడలేదని తనలో తను అనుకున్నట్టు అంది.

"జాలాకార ఈనెల వ్యాపనం" అంది రాజకుమారి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ మాట ఆమె నోట తడబడకుండా వచ్చింది. "జాలం అంటే వల. ఒక ఈనె తెగినా నీళ్ళు ఇంకో దిక్కుకెల్లి పోతయి. ఆకు ఎండది. నువ్వు రాసుకున్నవు కదా, వల తీరు ఎందుకున్నయని."

హర్షిణి తల ఎత్తి తల్లి ముఖంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత. "నీకెట్ల తెల్సమ్మా?"

"నువ్వడగలె."

అని ఊరుకుంటే బాగుండేది కాదు. కాబట్టి మిగతాది కూడా చెప్పింది. "నేను అడగనియ్యలె."

హర్షిణి కళ్ళు నిండాయి. నిన్నటి ఏడుపంతా అప్పుడు వచ్చింది. రాజకుమారి బూడిద చేతులతోనే బిడ్డను దగ్గరికి తీసుకుంది. నైటీకి మసి అంటినా ఎవరూ పట్టించుకోలేదు. చాలాసేపయ్యాక పిల్ల ముక్కు చీది, పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, గుండ్రటి అక్షరాలతో రాసింది.

'ఆదివారం. మన పొయ్యి. ఈనెలు వల తీరు ఎందుకున్నయో అమ్మ చెప్పింది.'

ఆ చీటీని రాజకుమారి రెండుసార్లు చదివింది. చౌరస్తాలో ఏ ఫ్లెక్సీ మీదా పట్టనంత పెద్దగా కనబడింది తన పేరు.

"పెద్దమ్మకు ఫొటో తీసి పంపుత, సుజితక్కకు చూపియ్యమని" అంటూ హర్షిణి ఫోన్ అందుకుంది.

"పంపు. తప్పకుండ పంపు" అంది రాజకుమారి, రాయిని తన ఒళ్ళోకి లాక్కుంటూ. "ఆగు, ముందు నాకు చెప్పు. గప్పుడు పూలు ఎందుకు లేవు?"